పక్క కుర్చీలోంచి సముద్రం

పోలేరయ్య మా వీధి చివరింట్లో ఒక్కడే ఉంటాడు. ముత్తుకూరు థర్మల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. యాభై దగ్గర పడుతున్నా పెళ్లి ఊసెత్తడు. విడవలూరు వైపు పాలెంలో వలల మధ్య పుట్టినవాడికి విమానాల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. అందుకే వీధిలో అందరికీ లోకువ. నాకూ లోకువే.

కిందటేడు వేసవిలో, కంప్యూటర్లో విమానం నడిపే ఆట కోసమని ముందుగదిలోని మంచం వరండాలో పడేశాడు. ప్లైవుడ్‌ను పడవ పక్కటెముకల్లా వంపుగా కోసి నిలబెట్టి, వాటి మీద ఎవరిదో పాత పెళ్లి ఫ్లెక్సీని తిరగేసి బిగించాడు. తెల్లటి వీపు తెర అయింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ గోడకేసి తిరిగి నిలబడ్డారు. పైన మూడు ప్రొజెక్టర్లు. వంపు తెర మీద బొమ్మ వంకరపోతుంది కాబట్టి, కంప్యూటర్లో దాన్ని సరిచేస్తూ, మూడు బొమ్మల అంచులూ కలిపేదాకా తిండి ధ్యాస కూడా లేదు. తెర ముందు, విమానంలో పైలట్లకున్నట్టు, పక్కపక్కనే రెండు కుర్చీలు వేశాడు.

"రెండోది ఎవరికయ్యా?" అన్నాను.

"సుభాషిణక్కకి. పక్కన కూర్చోబెట్టుకోని మా పాలెం మీద తిప్పాల."

అతనికి నా అన్నవాళ్లు ఆ అక్క ఒక్కతే. చేపలమ్ముకునే మనిషి, తీరిక దొరకడమే గగనం. అయినా ఒక ఆదివారం వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. విమానం లేచింది.

"అదిగోక్కా, సముద్రం."

"ఏందిరా, అట్టా వొరిగి ఉండాది? నాకు కళ్లు తిరగతా ఉండాయి."

"సరిగ్గా చూడక్కా. గీత గీసినట్టుండాది."

"పుట్టినకాడి నుంచి చూసే సముద్రమేరా," అని లేచిపోయింది. టీ కూడా తాగకుండా బస్సెక్కింది.

పోలేరయ్య అలిగి ఆమెకు ఫోన్ చేయడం మానేశాడు. ఆమెకేం తెలుసులే అని నేనూ వంత పాడాను.

కొన్నాళ్లకు ఊడిన వైరు బిగించబోయి ఆ పక్క కుర్చీలో కూర్చున్నాడట. తలెత్తితే సముద్రం నిజంగానే ఒరిగి ఉంది, రన్‌వే విరిగి ఉంది. బొమ్మనంతా తన కుర్చీలోంచే చూసుకుంటూ సరిచేశాడు మరి. ఆ ఒక్కచోటు తప్ప ఇంకెక్కడినుంచి చూసినా అది వంకరే.

"ఇంత తంటాలు పడి నా ఒక్కడికే చేసుకున్నా గదన్నా," అన్నాడు నాతో.

రెండు కుర్చీల నడుమ స్టూలు వేసుకుని పని మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇద్దరికీ కొద్దికొద్దిగా వంకర, కళ్లు తిరిగేంత కాదు. అక్కకు ఫోన్ చేసి, "నువ్వు చెప్పిందే నిజమక్కా, రా," అన్నాడు. చేపల వేట నిషేధం వచ్చి పని ఆగినాక వస్తాలేరా అంది. వేట ఆగింది, మళ్లీ మొదలైంది కూడా. ఆమె రాలేదు.

నిన్న సాయంత్రం వెళ్తే ఒక్కడే నడుపుతున్నాడు, కాస్త ఒరిగిన సముద్రం మీద.

"ఎవరూ రావడంలేదు గదా, నీ కుర్చీకే సరిచేసుకోరాదా?" అన్నాను.

"అట్టా చేస్తే అక్క ఇంక రాదని నేనే ఒప్పుకున్నట్టు గదన్నా," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ ఖాళీ కుర్చీలో కాసేపు కూర్చుందామని వెళ్లినవాణ్ని, గుమ్మంలోనే నిలబడిపోయాను.