మాస్టారు బాగుందన్న నుయ్యి

మా కెమిస్ట్రీ మాస్టారు పోయారు. మొన్న నూజివీడు నుంచి వచ్చిన తమ్ముడు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "అక్కా, మాస్టారు లేరే" అన్నాడు. నేను ఆవకాయకి కాయలు తుడుస్తున్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నేనుండే విస్సన్నపేటకీ నూజివీడుకీ ఎంత దూరమని! అయినా కడసారి చూపు దక్కలేదు. వాడికే మర్నాడు తెలిసిందట.

ఆయన నాకు కాలేజీలో పాఠం చెప్పారు, మా నాన్నకి స్నేహితులు. మామిడిపండు చేతికిస్తే ముందు ముచ్చిక దగ్గర వాసన చూసేవారు. "ఇది రేపటిది" అని పక్కన పెట్టేవారు. మర్నాడు కోస్తే తేనే. ఇంకో అలవాటు, కబురు పెట్టకుండా ఎవరింటికీ వెళ్లేవారు కాదు. "మధ్యలో ఉన్నది రెండు వీధులు, దానికి కూడా కబురేంటండీ?" అని అమ్మ నవ్వేది. "చెప్పకుండా వచ్చేది దొంగలూ, అప్పులవాళ్లూనమ్మా" అనేవారు. ఆ మర్యాదే చివరికి ఆయన కొంప ముంచింది.

రెడ్డిగూడెం దారిలో నాన్నకి ఒక పాత గోడౌను ఉండేది. మామిడి పూతకి తేనెమంచు పురుగు పట్టకుండా తోటలవాళ్లు కొట్టే పురుగుమందు ఏళ్ల తరబడి అక్కడే నిల్వ చేశారు, అక్కడే కలిపారు. డ్రములు అక్కడున్న నూతి పక్కనే కడిగారు. ఆ మందుల వ్యాపారం ఎత్తేశాక నాన్న ఆ గోడౌను పడగొట్టించి, మా తోటలో పనిచేసేవాళ్లకి ఇళ్లు కట్టిద్దామనుకున్నాడు. "మట్టీ నీళ్లూ మీరోసారి చూడండి మాస్టారూ, పిల్లాజెల్లా ఉండే చోటు" అని అడిగాడు. మాస్టారు ఫలానా రోజు వస్తానని అలవాటు ప్రకారం కబురు పెట్టారు, ఆ రోజే వెళ్లారు.

అప్పటికి మంచి ఎండాకాలం. నాలుగు చోట్ల మట్టి తీసుకున్నారు, నీళ్లు సీసాకి పట్టుకున్నారు, కాలేజీ లాబులో చేతనైన పరీక్షలన్నీ చేశారు. అవి చాలవనుకుని ఆ మట్టిలో పెసలు చల్లి, ఆ నీళ్లే పోశారు. మొలకలు చక్కగా నిలబడ్డాయి. "బాగుందండీ, నిశ్చింతగా కట్టుకోండి" అన్నారు. ఇళ్లు లేచాయి. మొదట దిగింది మా తోటలో కాయలు ఏరే నాగమ్మ, ఆమె మొగుడూ.

శ్రావణానికి నేను పుట్టింటికి వెళ్లేసరికి, వానలు పడ్డాక నూతి నీళ్లు కంపు కొడుతున్నాయని గొడవ. మాస్టారూ, నాన్నా వెళుతుంటే నేనూ వెళ్లాను. నాగమ్మ అప్పుడు కడుపుతో ఉంది. చేదతో నీళ్లు తోడి ఇచ్చింది. వాసన చూడగానే మాస్టారి ముఖం మాడిపోయింది.

"ఎండాకాలంలో ఈ వాసన లేదే!" అన్నారు.

"ఎందుకుంటదండీ? మీరొత్తన్నారని అయ్యగారు నుయ్యంతా తోడిచ్చారు గదా. పైన మట్టంతా చెక్కిచ్చి, ఎర్రమట్టి తెప్పిచ్చి పోయిచ్చారు. మేవే గదండీ మోసింది" అంది నాగమ్మ.

"అవును మాస్టారూ, ఆ కంపులో మిమ్మల్నెలా నిలబెడతాం?" అన్నాడు నాన్న. ఆ గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది. పెద్దమనిషి వస్తుంటే వాకిలి ఊడ్చుకోమా? మా వైపు ఎవరైనా అదే చేస్తారు. మట్టిని పరీక్ష చేయడానికి వచ్చేవాడి కోసం మట్టే మార్చేశామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

మాస్టారు నూతి గట్టు మీద కూలబడ్డారు. "నా పెసలు మొలిచింది మీ మర్యాదలోనండీ, మీ నేలలో కాదు" అన్నారు.

ఎర్రమట్టి కింద తవ్వి పాత మట్టి తీసుకెళ్లి మళ్లీ పెసలు చల్లారు. మొలకలు మెలికలు తిరిగి మాడిపోయాయి. నూతి మీద చెక్కలు కొట్టించారు. అందర్నీ అక్కణ్నుంచి తీసెయ్యమని నాన్నని బతిమాలారు. "కట్టిన ఇళ్లు ఎక్కడికి మోసుకెళ్లనండీ?" అన్నాడు నాన్న. తాగేందుకు తోటలో బోరు నీళ్లు తెచ్చుకోమని మాస్టారు వాళ్లకి చెప్పారు. అది దగ్గరా దాపూ కాదు.

నాగమ్మకి కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కలేదు. ఆ నీళ్ల వల్లేనా అని మాస్టారు అడిగితే డాక్టరు పెదవి విరిచాడు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది!

నన్నడిగితే అనాల్సింది మా నాన్నని, డ్రములు నూతి పక్కన కడిగిన ప్రతివాణ్నీ. వాళ్లంతా సుబ్బరంగా అన్నం తిన్నారు, నిద్రపోయారు. ఏ పాపం ఎరగని మనిషిని మాత్రం అది పురుగులా తొలిచేసింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత ఆయన కబుర్లు పెట్టడం మానేశారు. ఎవరు నుయ్యి చూడమన్నా, పొలం చూడమన్నా చెప్పాపెట్టకుండా ఊడిపడేవారు. ఆడవాళ్లు కంగారుపడేవారు, మగవాళ్లు చాదస్తమని విసుక్కునేవారు. అమ్మ అంట్లగిన్నెల మధ్య దొరికిపోయి మొహం ముడుచుకుంటే, "చెప్పి వస్తే ముగ్గు కనపడుతుందమ్మా, నేల కనపడదు" అన్నారు.

నాగమ్మ గడపకి మాత్రం చాలాకాలం వెళ్లలేకపోయారు. ఒక మధ్యాహ్నం నేను ఊళ్లో ఉన్నానని తెలిసి, "తోడు రామ్మా" అన్నారు. వెళ్లాం. నాగమ్మ మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు. "అమ్మా, ఆ రోజు నేను..." అని, చేత్తో నుదుటి చెమట తుడుచుకున్నారు.

ఎండన పడి వచ్చిన మనిషి కదా, ఆమె లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన ఆ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయారు. చెయ్యి చాపలేదు. నాగమ్మకి అర్థమైంది.

"బోరు నీళ్లేనండీ. పొద్దున్నే నేనే మోసుకొచ్చా. ఏం గాదు, తాగండి మాస్టారూ" అంది, చంటివాడికి చెప్పినట్టు.

ఆయన రెండు చేతులతో గ్లాసు అందుకున్నారు. ఎత్తి పోసుకోలేదు. పెదవులకి ఆనించుకుని, చుక్క మిగలకుండా తాగారు. ఖాళీ గ్లాసు తిరిగి ఇవ్వబోయారు గానీ, వేళ్లు దాన్ని వదల్లేదు. నాగమ్మ కూడా లాక్కోలేదు. అటు ఆమె, ఇటు ఆయన, ఆ గ్లాసు పట్టుకుని ఆ గుమ్మంలో అలాగే నిలబడ్డారు.