ఉమ్ సలాల్ షెడ్డులో ఏరు దాటే పాట

ఆ ఉదయం మామూలుగానే మొదలయింది. రాయచోటిలో మా ఇంట్లో దీపం పెట్టి, కాఫీ తాగి, చేటలో బియ్యం పోసుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. పక్కన ఫోనులో పాట పెట్టుకున్నాను. మా తమ్ముడు నరసింహులు ఖతార్‌లో ఒక ఇంటి డ్రైవరు. శుక్రవారం డ్యూటీ లేని వేళ అక్కడి మనవాళ్ళు కొందరు కూడి పాడుకుంటారు, ఆ పాటలు నాకు పంపిస్తారు. బృందానికి పేరు లేదు, సాధన లేదు. ఒక పాట ఎత్తుకుంటే అరగంటయినా సాగుతుంది, ఏ వారానికి ఆ వారం కొత్త దారి పడుతుంది. వాళ్ళే కట్టుకున్న ఏరు దాటే పాటంటే నాకు ప్రాణం. “అద్దరికి పోదామా” అని అందరూ అడుగుతారు. “ఆగి చూద్దామా” అని మా తమ్ముడొక్కడే బదులిస్తాడు.

ఆ ఉదయం పెట్టుకున్నది ఆ పాటే, వాడికి గొంతులో గడ్డ తీసిన తర్వాత వచ్చిన మొదటిది. “మళ్ళీ పాడుతుండా అక్కా” అని వాడు ముందురోజే మెసేజ్ పెట్టాడు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. పాటలో అందరూ అడిగారు, తమ్ముడి బదులు లేదు. ఆ చోట డోలక్ ఒక్కటే మోగింది, తర్వాత అందరూ అందుకున్నారు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. పాటంతా వాడి చోటు ఖాళీగానే ఉంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి వాడు ఫోను చేస్తే ఎత్తడం లేదు, రాసి పంపుతున్నాడు. వాడి భార్య లక్ష్మికి చెబితే, “వదినా, నువ్వు పోయి పిలుచుకొని రా” అంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఖతార్‌కు బయలుదేరాను.

దోహాలో మా చెల్లెలు పద్మ ఇల్లు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో. శుక్రవారం పొద్దున పులిహోర కలుపుతూ, “గొంతు సంగతి ఎత్తొద్దక్కా, లేచి పోతాడు” అంది. “ఎత్తను. వినేదానికే పోతుండా” అన్నాను. శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, వాళ్ళు కూడేదీ మధ్యాహ్నం దాటాకే, అందుకని జుమ్మా నమాజు అయ్యాక కదిలాను. దగ్గరి స్టేషనుకు నడిచి, రెడ్ లైన్‌లో ఉత్తరం వైపు యూనివర్సిటీ స్టేషను దాకా వెళ్ళాను. కార్డు ఉంటే రెండు రియాళ్ళు. అక్కడి నుంచి వాళ్ళు పాడుకునే ఉమ్ సలాల్ తోటలకు టాక్సీ, ముప్పై రియాళ్ళ లోపే. డ్రైవరు నేపాల్ మనిషి. నాకొచ్చిన హిందీలోనే మాట్లాడుకున్నాం.

“అమ్మా, ఆ తోటల్లో ఏముందని?”

“పాట వినాలి.”

“టికెట్ ఎంత?”

“పులిహోర.”

అద్దంలో నా సంచీ చూసి నవ్వాడు. “వాళ్ళకు పులిహోర ఇవ్వండి. నాకు మాత్రం మీటరు ఇవ్వండి.”

తోట చివర, పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డు. ఒక మూల ఏసీ, నేల మీద ప్లాస్టిక్ చాప. జగిత్యాల వైపు రాజన్న ఆ తోటలోనే పని చేస్తాడు, డోలక్ అతనిది. మా కడపవాడే ఖాదర్ ఒక విల్లాలో వంట చేస్తాడు, హార్మోనియం అతనిది. వెనక కోరస్ పాడేవాళ్ళు ఐదారుగురు. తమ్ముడు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు, కాళ్ళకు దణ్ణం పెట్టి, పోయి తన చోట కూర్చున్నాడు. చేతిలో వాయించే కంచు తాళాలు ఉన్నాయి.

“గోడకు ఒరిగి కూసో అక్కా, గీ పాట జల్ది ఒడవది, అర్ధగంటయినా పడ్తది” అన్నాడు రాజన్న.

ఎన్నాళ్ళుగానో ఫోనులో విన్న పాటను ఎదురుగా వినడం వేరు. డోలక్ మీద రాజన్న ఎడమ చెయ్యి, ఏట్లో దిగేవాడిలా, ముందు నీళ్ళ లోతు చూసింది. కుడి చెయ్యి చాలాసేపటికి గానీ రాలేదు. ఖాదర్ ఒకే స్వరం మీద నిలబడి, పక్క స్వరాన్ని తాకి తాకి వెనక్కి వచ్చాడు. ఎవరూ సైగ చెయ్యలేదు. ఒకరి ఊపిరిని ఇంకొకరు పట్టుకున్నట్టు అంతా ఒక్కసారే అందుకున్నారు. “అద్దరికి పోదామా.” ఆ తర్వాత ఖాళీ. అప్పుడు కనబడింది నాకు ఫోనులో వినబడనిది. ఆ ఖాళీలో అందరూ తమ్ముడి వైపు చూస్తున్నారు. ప్రేమగానే చూస్తున్నారు. వాడు మాత్రం చాప వైపు చూస్తున్నాడు, తాళాలు కూడా కదపడం లేదు. పాట చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ అందరి చూపులు. వాడి భుజాలు ఇంకా కిందికి దిగాయి. లోపల నామం చెప్పుకుంటూ కూర్చున్నాను.

మూడోసారి వాడు తలెత్తాడు. డోలక్ ఆగలేదు.

“ఖాదరూ, నువ్వు పాడు.” గొంతు బొంగురు, గాలి ఎక్కువ. ఆపరేషన్ తర్వాత వాడి మాట వినడం నాకు అదే మొదలు.

“నేను పాడను. అది నీది.”

“నాదయితే నేనే ఇస్తుండా కదరా. తీసుకో.”

“నాకు అంత మెలిక రాదు లేప్పా.”

“నీ బిర్యానీకీ మెలిక లేదు. తింటాండాం కదా.”

“జల్ది తెంపుండ్రి, నా చేతులు పోతున్నయ్” అన్నాడు రాజన్న. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పాట మళ్ళీ ఆ చోటికి వచ్చింది. ఖాదర్ కళ్ళు మూసుకుని “ఆగి చూద్దామా” అన్నాడు. శ్రుతి కొంచెం జారింది. అదే క్షణాన తమ్ముడి తాళం పడింది. పాడే రోజుల్లో వాడు ఊపిరి తీసుకునే చోటు నాకు తెలుసు. సరిగ్గా అక్కడ పడింది. ఖాదర్ దాన్ని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తర్వాత పాట ఎక్కడెక్కడికి పోయిందో నేను చెప్పలేను. ఒకసారి డోలక్ కూడా ఆగి, తాళాలు మాత్రమే చాలాసేపు నడిచాయి. చూపులన్నీ మళ్ళీ వాడి మీదే. ఈసారి వాడు వాళ్ళ వైపే చూస్తూ వాయించాడు.

పులిహోర తింటుండగా నా పక్కన కూర్చుని, “పాడుతుండానని అబద్ధం చెప్పినా” అన్నాడు. “ఫోనులోనే విన్నాలే” అన్నాను. వాడి ప్లేటులో ఇంకాస్త పులిహోర పెట్టాను.

వాడిని మళ్ళీ పాడించమని దేవుణ్ణి అడుగుతూ వచ్చాను. నేను అడగనిది ఇచ్చాడు. దానికి ఆయనకూ, ఆ షెడ్డులోని వాళ్ళకూ నా దణ్ణాలు. అంత ప్రేమతో ఖాళీగా ఉంచిన చోటు కూడా ఒక మనిషికి బరువవుతుందని నాకు తోచలేదు, వాళ్ళకూ తోచలేదు. వాడే దించుకున్నాడు. అటువైపు వెళ్ళేవారికి ఒక్క మాట: తోటల దగ్గర సాయంత్రం టాక్సీ దొరకదు. దింపిన డ్రైవరుతోనే తిరుగు ప్రయాణం మాట్లాడుకోండి. మా నేపాలీ చెప్పిన వేళకు వచ్చాడు.

సాయంత్రం తమ్ముడు కూడా నాతో పద్మ ఇంటికి వచ్చాడు. లక్ష్మికి వీడియో కాల్ కలిపాం. వాడిని నాతో పంపడమా, ఇక్కడే ఉంచడమా అన్నది తేలాలి. “కాంట్రాక్టు అయ్యేదాకా ఉంటా, నాకిక్కడ పనుంది” అన్నాడు వాడు, ఆ బొంగురు గొంతుతోనే. లక్ష్మి ఫోను దగ్గరికి తెచ్చుకుంది. “పాట ఎవరికైనా ఇచ్చుకో. మాట మాత్రం మాకే కావాల” అంది. అదే తీర్మానమయింది. నేను ఒక్కదాన్నే తిరిగి వెళ్తాను. కాంట్రాక్టు పూర్తయ్యాక వాడు వస్తాడు. ఈలోగా మెసేజ్‌లు లేవు. గొంతు ఎట్లా ఉంటే అట్లా, రోజూ వాడే ఇంటికి ఫోను చెయ్యాలి.