చింపానని చెప్పిన కాగితం

ఒక కాగితం చింపానని చెప్పాను. చింపలేదు. ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఉన్న బరువు అదే. వినగానే మీకు నవ్వు రావచ్చు. ఆ ఒక్క మాటతో ఒక మనిషి ఉద్యోగం పోయిందంటే మాత్రం నవ్వరనుకుంటాను.

నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న రోజులు. ఒక డ్రాయింగ్ ఆఫీసులో నేనూ మల్లేశూ పక్కపక్క బల్లల మీద పనిచేసేవాళ్లం. నేను తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ని, అతనిది ఉప్పల్. ఇద్దరివీ ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగాలే. పర్మనెంటయితే గూనపెంకులు తీసేసి ఇంటికి స్లాబు వేయిస్తానని అతను రోజూ అనేవాడు.

మా మెషీన్లలో మోటారును పట్టి ఉంచే బ్రాకెట్ ఒకటుండేది. ఒక్కో షీటులో అదే బొమ్మ ఎన్నో చోట్ల గీయాలి. ప్రతిదీ కొలిచి గీస్తే తెల్లారినట్టే. అందుకని దాన్ని ఒక్కసారి దళసరి కాగితం మీద గీసుకుని, ఆ కాగితాన్ని ట్రేసింగు షీటు కింద పెట్టి పైనుంచి ఇంకుతో దిద్దేవాళ్లం. కింది కాగితం అని పిలుచుకునేవాళ్లం. బ్రాకెట్ మారితే కింది కాగితం మార్చుకుని, షీట్ల మీద పాత గీతలు బ్లేడుతో గీకి, కొత్తగా దిద్దడమే.

దీనికి మల్లేశ్ ఒక నియమం పెట్టాడు. కొత్తది తయారవగానే పాతదాన్ని చింపెయ్యాలి. రెండూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కొంప మునుగుతుందని అతని భయం.

ఒక వేసవిలో ఆ బ్రాకెట్ రంధ్రాలను కాస్త పక్కకు జరిపారు. ఆ రోజు మల్లేశ్ సెలవు. కొత్త కాగితం నేనే గీశాను. పాతదీ నేను గీసిందే. ఏం చెప్పమంటారు, అంత చక్కని బొమ్మ నా చేతి నుంచి మళ్లీ రాలేదు. చింపడానికి చెయ్యి రాక సొరుగులో పెట్టాను. అది బొమ్మ మీద మమకారమా, నా మీద నాకున్న గర్వమా? గర్వమే. మర్నాడు మల్లేశ్ వచ్చాడు, చింపావా అని అడగనైనా అడగలేదు. అంత నమ్మకం.

ఆ వారం ఇద్దరం కలిసి షీట్లు గీకి దిద్దుతూ పోయాం. ఎవరు ఏది దిద్దామో గుర్తు పెట్టుకునే అలవాటు మాకు లేదు. ఒక సాయంత్రం బస్సు పోతుందన్న తొందరలో సొరుగులోంచి చేతికందిన కాగితం లాగి, మిగిలిన బ్రాకెట్లు దిద్దేశాను. అది పాతదని నాకు తెలిసేసరికి ఆ డ్రాయింగు చూసి ప్లేట్లకు రంధ్రాలు కొట్టేశారు. మోటార్లు కూర్చోలేదు. బోలెడంత ఇనుము పాడైపోయింది.

మేనేజరు ఇద్దరినీ పిలిచాడు. పాత కాగితం ఏమైందని అడిగాడు. మల్లేశ్ నా వైపు తిరిగాడు.

"అన్నా, నేను లేనప్పుడు పాతది చింపినవ్ గదా?"

సొరుగు తాళంచెవి జేబులోనే ఉంది.

"చింపేశాను."

"అన్న చింపిండంటే చింపిండు సార్," అన్నాడు మల్లేశ్. "అట్లయితే నేనే ఏడనో గీకుడు మరిచినట్టున్న. నాదే తప్పు."

మేనేజరూ మా తెనాలి వైపువాడే. నా యాస వినే నన్ను మరో మాట అడగకుండా వదిలేశాడు. ఆ సంగతి నాకు అక్కడే అర్థమైంది. అర్థమయ్యే నోరు మూసుకున్నాను. మల్లేశ్‌ను పనిలోంచి తీసేశారు. కొన్నాళ్లకు నన్ను పర్మనెంటు చేశారు.

మేనేజరు పిలిచిన రోజు సాయంత్రమే ఆ పాత కాగితాన్ని ఇంటికి తెచ్చి, ముక్కలు చేసి పొయ్యిలో వేశాను. నా అబద్ధం కొన్ని గంటలు ఆలస్యంగా నిజమైంది. ఏం లాభం? పిరికివాణ్ని అనుకుంటే సరిపోతుందా? పిరికివాడు భయపడి ఊరుకుంటాడు. నేను అవతలివాడి నమ్మకం చాటున దాక్కున్నాను. దాన్ని ఏమంటారో నాకు తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత మల్లేశ్ ఉప్పల్ చౌరస్తాలో కనిపించాడు. లారీలకు నంబర్లు రాస్తున్నాడు. నన్ను చూడగానే బ్రష్ పక్కన పెట్టి చెయ్యి పట్టుకుని ఛాయ్ హోటల్‌కు తీసుకెళ్లాడు. ఇంటికి స్లాబు పడిందా అని నేను అడగలేదు. ఛాయ్ తాగుతూ, "నీ చెయ్యి మస్తుండే అన్నా. గా బ్రాకెట్ బొమ్మ నీ లెక్క ఎవ్వడు గీయలే," అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఛాయ్ డబ్బులిచ్చి బస్సెక్కేశాను. అతను మళ్లీ కనపడలేదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు.

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అతను అడిగినదానికి జవాబు మాత్రం బాకీ ఉన్నాను. అదొక్కటీ ఇప్పుడు ఇస్తున్నాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

లేదు మల్లేశ్. చింపలేదు. నువ్వు అడిగినప్పుడు అది సొరుగులోనే ఉంది.