మామ ట్రంపెట్టులో నీళ్లు

దయ్యాలు ఉండాయని నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మేవాడికి మా పనిలో కూడు పుట్టదు. నేను బ్యాండు సెట్టులో ట్రంపెట్టు ఊదే మనిషిని. పెండ్లిండ్లకు ఎంత ఊదినానో శవాల ముందర అంత ఊదినాను. కాలే కట్టె పక్కన కూర్చోని బీడీ ముట్టిచ్చుకున్న రోజులు కూడా ఉండాయి. దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతాండాను కాబట్టి, మీరు నవ్వుకున్నా నాకేం కోపం లేదు.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా, నాగలమడిక దగ్గర ఒక పల్లె. ఇది జరిగింది తొంబైల మొదట్లో. వాన మొగం చూసి ఏండ్లయిన కాలం. శెనక్కాయ ఏసినోళ్లకు ఇత్తనాలు కూడా తిరిగి వచ్చేవి కావు. పినాకిని ఏట్లో ఇసక తప్ప ఏమీ లేదు. అట్లాంటప్పుడు మా ఇండ్లల్లో పొయ్యి ఎలిగిందంటే అది బ్యాండు సెట్టు పుణ్యం. ఎంత కరువైనా పెండ్లిండ్లు ఆగవు కదా.

సెట్టు మా మేనమామది. పేరు తిప్పయ్య. అందరూ తిప్పయ్య మాస్టరు అనేవాళ్లు. నాకు ట్రంపెట్టు నేర్పింది ఆయనే. ఆయన పట్టిన స్వరం మొదట్లో కొంచెం గరగరమని లేచేది, తర్వాత తేటగా అయిపోయేది. కొత్తగా ఏసిన బోరు ముందు బురద కక్కి తర్వాత మంచి నీళ్లు పోసినట్ల. ఆ గరగర ఇంకెవరికీ లేదు. నేను ఎంత ప్రయత్నం చేసినా నాకు రాలేదు.

నేర్చుకునే రోజుల్లో మమ్మల్ని బస్సు రోడ్డు పక్కన నిలబెట్టేవాడు. గట్టు మీద పావగడ బస్సు కనపడగానే స్వరం పట్టల్ల. అది టీ అంగడి ముందర నిలిచేదాకా తెగకూడదు. డ్రైవరు ఏరోజన్నా నిదానంగా తోలినాడంటే మా పని అయిపోయేది.

మామకు రెండు విషయాల్లో కోపం ఆగేది కాదు. ఒకటి నీళ్లు. ట్రంపెట్టు ఊదితే మన ఊపిరి లోపల చల్లారి నీళ్లయి నిలుస్తాది. కింద వంపు దగ్గర చిన్న మూత ఉంటాది. దాన్ని నొక్కి వంచితే ఆ నీళ్లు కారిపోతాయి. ఎవురు ఊదినా వాళ్ల నీళ్లు వాళ్లు దించి, తుడిచి పెట్టల్ల. పెట్టకపోతే వీపు పగిలేది. "మన తాలూకాలో నీళ్లు కారేది ఇదొక్కటే కదరా, దీన్ని కూడా నిలబెడితే ఎట్ల?" అని తిట్టి, మళ్లా ఆయనే నవ్వేవాడు.

రెండోది దొంగూపిరి. అదేందో చెప్పల్లంటే ముందు ఎదురుకోలు గురించి చెప్పల్ల. పెండ్లికొడుకు వాళ్లు వచ్చి ఊరి బయట నిలబడతారు. పెండ్లికూతురు వాళ్లు బ్యాండుతో ఎదురు పోతారు. వచ్చినోళ్లకు కూడా ఒక సెట్టు ఉంటే ఇంగ పోటీనే. ఆఖర్న రెండు సెట్లల్లో ట్రంపెట్టు వాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకే స్వరం పట్టి నిలపల్ల. ఎవురి ఊపిరి ముందు తెగితే వాళ్లు ఓడినట్ల. చూసేవాళ్లకు అది ఆట. ఓడిన సెట్టును మాత్రం ఆ చుట్టుపక్కల మళ్లా పెండ్లికి పిలవరు.

అందుకని కొన్ని సెట్లోళ్లు డ్రమ్ముల ఎనక ఇంకో ట్రంపెట్టోణ్ణి దాపెడతారు. ముందరోడికి ఊపిరి అయిపోతానే ఎనకోడు అందుకుంటాడు. దాన్నే మామ దొంగూపిరి అనేవాడు. ఒకతూరి మా సెట్టులోనే ఒకడు అట్ల చేద్దామన్నాడు. మామ వాడి ఒంటిమీద కోటు ఇప్పిచ్చుకోని ఇంటికి పంపిచ్చేసినాడు. "గెలిస్తే గెలిచినామనల్ల, ఓడితే ఓడినామనల్ల. నడిమి మాటేంది?" అన్నాడు. ఈ సంగతి మా తాలూకాలోనే కాదు, ఆంధ్ర వైపు సెట్లోళ్లకు కూడా తెలుసు.

మా ఊరి నీళ్లల్లో ఫ్లోరైడు ఉండాదని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు మాకు తెల్దు. బోర్లు లోతుకు పోయేకొద్దీ మామకు మోకాళ్లు బిగుసుకుంటా వచ్చినాయి. ముందరి పండ్లు ఒకటొకటే ఊడిపోయినాయి. పండ్లు లేకపోతే ట్రంపెట్టుకు పెదివి నిలవదు. ఆ సంగతి ఆయన బయట ఎవరికీ చెప్పలేదు. "అల్లుడు చేతికొచ్చినాడు, నాకెందుకప్పా ఇంగ?" అని సెట్టు నాకు అప్పజెప్పి, మూతికి టవలు అడ్డం పెట్టుకోని మాట్లాడేది అలవాటు చేసుకున్నాడు. తిప్పయ్య మాస్టరు ఇప్పుడు ఊదినా ఎదురు లేదని జనం అనుకునేవాళ్లు. ఆయన అననిచ్చినాడు. ఇంగ ఆయనకు మిగిలిండేది ఆ పేరొక్కటే.

ఆయన ట్రంపెట్టును మా అత్త యూరియా సంచితో ఒర మాదిరి గౌసెన కుట్టి అందులో పెట్టింది. నడిమింట్లో మేకుకు తగిలిచ్చి పెట్టినారు. దాన్ని నన్ను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. సెట్టులో ట్రంపెట్టు అంటే నాదొక్కటే.

ఆ ఎండాకాలం బలసముద్రంలో ఒక రెడ్ల పెండ్లికి పిలిచినారు. మేము పెండ్లికూతురు తరపు. పెండ్లికొడుకు వాళ్లు ఆంధ్ర నుంచి ఇంకో సెట్టును తెచ్చుకున్నారు. దాని మాస్టరు గోపాలు. మా మామంటే గౌరవముండే మనిషి, మంచి పనివాడు. కొంచెం కోపిష్టి.

వరసగా పెండ్లిండ్లు ఊది ఊది ఆరోజు నా కింది పెదివి చీలిపోయింది. పసుపు పెట్టుకోని పోయినాను. పొద్దు ఇంకా బాగానే ఉండాది. ఊరి బయట బీడులో జనం రెండు వైపులా నిలబడినారు. పాటలన్నీ అయిపోయి ఆఖరికి గోపాలు మాస్టరు నా ఎదురుగా వచ్చి స్వరం పట్టినాడు. నేనూ పట్టినాను.

ఓడిపోతానని నాకు మొదట్లోనే తెలిసింది. పెదివి మండతాండాది, ఊపిరి జారిపోతాండాది. బస్సు ఇంకా గట్టు మీదనే ఉండాది అనుకోండి. కండ్లు చీకట్లు కమ్మినాయి. నాకు ఇంగ చేతకాక ట్రంపెట్టు దించేసినాను.

స్వరం ఆగలేదు.

గోపాలు మాస్టరుది అనుకున్నాను. కండ్లు తెరిచి చూస్తే ఆయన కూడా ట్రంపెట్టు దించేసి, నోరు తెరుచుకోని నన్నే చూస్తాండాడు. నా ట్రంపెట్టు నా తొడ దగ్గర ఉండాది. ఆ స్వరం నా ఎనకనించి రాలేదు, పక్కనించి రాలేదు. నా మొగం ముందర, నా ట్రంపెట్టు ఉండాల్సిన చోటునించి వస్తాండాది. మొదట గరగరమనింది. తర్వాత తేటగా అయింది. కొంచెంసేపు అట్లనే నిలిచి, దానంతట అదే ఆగిపోయింది.

డ్రమ్ములోళ్లు నా ఎనక ఉండారు కాబట్టి వాళ్లకు నా వీపే కనపడింది. దుమ్ములో జనం కూడా సరిగా చూడలేదు. ఈలలేసి నన్ను ఎత్తుకున్నారు. "నేను కాదప్పా" అని చెప్పినాను. "ఓహో, ఏమి సిగ్గుపడతాండావప్పా, పెండ్లికూతురు నువ్వేనా?" అని ఎగతాళి చేసినారు. సరిగా చూసినోడు గోపాలు మాస్టరు ఒక్కడే.

ఆయన గట్టిగా అరిచినాడు. "ఈ పిల్లోడు దించేసినాక కూడా పలికింది. నా కండ్లారా చూసినాను. ఎనక ఎవుణ్ణో పెట్టినారు!"

మా డ్రమ్ములు పక్కకు తీసి చూసినారు. మేము వచ్చిన ట్రాక్టరు ట్రాలీలో గడ్డి కూడా ఎత్తి చూసినారు. ఎవురూ లేరు. అయినా ఆయన ఒప్పుకోలేదు. "ఆ గరగర నాకు తెలుసు. అది తిప్పయ్యన్న ఊపిరి, ఆయన ట్రంపెట్టు. ఆయన్ను మోటారుసైకిల్లో తెచ్చి, ఊదిచ్చి, మళ్లా తీసకపోయినారు" అన్నాడు. ఆ మాట విని మా సెట్టోళ్లు కొట్టేదానికి పోయినారు. పెండ్లికూతురు చిన్నాయన పెద్దమనిషి. ఆయన అడ్డం పడి, "మాటలెందుకు, పోయి ఆ ట్రంపెట్టు చూస్తాం పదండి" అని జీపు తీసినాడు. గోపాలు మాస్టరూ నేనూ ఎక్కినాము.

మామ ఇంటి ముందర అరుగు మీద, మేము జగిలి అంటాము, కూర్చోని ఉండాడు. మోకాళ్లకు గోనెపట్ట చుట్టుకోని, మూతికి టవలు. సంగతంతా విని ఆయన అసలు కంగారు పడలేదు.

"చూడు గోపాలా. చూస్తే తప్పేముండాది?"

గోపాలు మాస్టరు నడిమింట్లోకి పోయినాడు. సంచికీ గోడకూ నడిమి సాలెగూడు ఉండాది. అది తెగకుండా సంచి తీసేదానికి వీలుకాదు. నేను చూసినాను, చిన్నాయన చూసినాడు. గోపాలు మాస్టరు చేత్తోనే అది తెగింది. సంచిమీద దుమ్ము ఆయన చేతికి అంటుకునింది. ఆయన మొగం కొంచెం దిగింది. అనవసరంగా వచ్చినామని అనుకున్నాడేమో. ట్రంపెట్టు బయటికి తీసి వెలుతురులోకి తెచ్చినాడు. ట్రంపెట్టు చేతికొస్తే మా పనోళ్లు ఎవురైనా మొదట చేసే పనే ఆయనా చేసినాడు. మూత నొక్కి వంచినాడు.

నీళ్లు కారినాయి.

ఒక చుక్కా రెండు చుక్కలా కాదు. ఒక పెండ్లి ఊదినంత నీళ్లు. నేను కింద చెయ్యి పట్టినాను. గోపాలు మాస్టరు నా చెయ్యి లాక్కోని వాసన చూసినాడు. ఆ వాసన మా పనోళ్లందరికీ తెలుసు. ఇత్తడి, ఎంగిలి కలిసిన వాసన. అది కుండలో నీళ్లు కాదు. వాన నీళ్లు అసలే కాదు, వాన యాడుండాది?

మామకు ముందు కోపమే వచ్చింది. "ఎవుడ్రా నా దాన్ని ముట్టింది? నీళ్లు దించకుండా తగిలిచ్చినారు!" అని నామీద అరిచినాడు. తర్వాత గోపాలు మాస్టరు మొగం చూసినాడు. ఆ నీళ్లకు అర్థమేందో అప్పుడు తెలిసింది ఆయనకు.

"ఇంకేమన్నా చెప్పల్లనా?" అన్నాడు గోపాలు మాస్టరు. గొంతులో కోపం లేదు, బాధ ఉండాది. "నీకాడ ఇట్లాంటిది చూస్తానని అనుకోలేదు. దొంగూపిరి, అదీ నీ ఇంట్లో."

ఇరుగు పొరుగోళ్లు గుమ్మిగూడినారు. అంతవరకూ నాకు భయమే తప్ప ఇంకేమీ లేదు. ఆ మాట విన్నాకనే నాకు తెలిసొచ్చింది. మామ పేరు నా వల్లనే పోతాండాది.

మామ చెయ్యి చాపినాడు. "ఇట్లియ్యి."

ట్రంపెట్టు తీసుకోని, మూతికాడ టవలు తీసి పక్కన పెట్టినాడు. అందరి ముందరా నోరు తెరిచినాడు. పైనా కిందా ముందరి పండ్లు ఒక్కటి లేదు. చిన్నపిల్లోడి నోరు మాదిరి ఉండాది. తర్వాత ట్రంపెట్టు పెదవులకు పెట్టి ఊదినాడు. బుస్సుమని గాలి మాత్రం వచ్చింది. మళ్లా ఊదినాడు. బుగ్గలు ఉబ్బినాయి, కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. గాలే వచ్చింది. ఇంట్లో మా అత్త ఏడుస్తాండేది వినపడింది. చాలు మామా, అని నేను అన్నాను. ఆయన ఆపలేదు. ఆఖరి మనిషి కూడా చూసినాడని నమ్మకం వచ్చేదాకా ఊదినాడు.

"చూసినారు కదప్పా" అన్నాడు. "సొంత ఊపిరే లేనోడు దొంగూపిరి యాడ ఇస్తాడు?"

గోపాలు మాస్టరు తలమీద టోపీ తీసేసి, కింద కూర్చోని మామ కాళ్లు పట్టుకున్నాడు. "ఎందుకన్నా, ఎందుకు చూపిచ్చినావు? తప్పయిపోయింది" అని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. మామ ఆయన భుజం తట్టి, ట్రంపెట్టు తుడిచి నా చేతికిచ్చినాడు, సంచిలో పెట్టమని.

తిరిగి పోయేటప్పుడు జీపులో గోపాలు మాస్టరు ఒకటే అడిగినాడు. "మరి ఎవరప్పా ఊదింది?" నాకు తెల్దన్నాను. నమ్మినాడు. పెండ్లి పందిట్లో అందరి ముందరా తనే ఓడిపోయినానని చెప్పినాడు. ఆ ఏడు, ఆ మర్సటేడు కూడా ఆ పక్క పెండ్లిండ్లన్నీ మాకే వచ్చినాయి.

తెల్లారి నేను మామ దగ్గరికి పోయినాను. జగిలి మీద కాఫీ తాగతాండాడు. మోటారుసైకిలు గురించి గానీ, నీళ్ల గురించి గానీ అడుగుతాడని అనుకున్నాను. అదేమీ అడగలేదు.

"ఆ స్వరం ఎట్లుండెరా?" అన్నాడు.

"మొదట గరగరమనింది మామా. తర్వాత తేట అయిపోయింది."

"మొదట గరగరమనిందా?"

"అనింది మామా. అచ్చం నీదే."

ఆయన టవలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. టవలు ఎనక నవ్వినాడో ఏడ్చినాడో నాకు కనపళ్లేదు. కొంచెంసేపటికి, "అయితే అది యాడికీ పోలేదన్నమాట" అన్నాడు. ఆయన చచ్చిపోయేంతవరకూ మళ్లా ఆ మాట ఎత్తలేదు.

ఇన్నేండ్లలో నాకు నేను చానా సమాధానాలు చెప్పుకున్నాను. ఊపిరాడక నా చెవులు మోసం చేసినాయనుకుందామంటే, గోపాలు మాస్టరు చెవులు కూడానా? ఎవుడో పిల్లోడు తీసి ఊదినాడనుకుందామంటే, సాలెగూడు? ఏదీ అతకదు. దయ్యమనేదానికి కూడా కుదరదు, మామ అప్పుడు బతికే ఉండాడు, కాఫీ తాగతా ఉండాడు.

మామ ట్రంపెట్టు ఇప్పుడు మా ఇంట్లో ఉండాది. నా ముందరి పండ్లు కూడా కదలతాండాయి, ఇంగ నేనూ ఎక్కువ రోజులు ఊదలేను. అప్పుడప్పుడు సంచి దించి, మూత నొక్కి, వంచి చూస్తాను. ఎప్పుడూ పొడిగానే ఉంటాది. ఊరికే ఎందుకు దించుతావని నా పెండ్లాం అడుగుతాది. తుడిచి, సంచిలో పెట్టి, మళ్లా మేకుకు తగిలిస్తాను.