మిద్దె మీద ముగ్గు

1953 చివర్లో, కర్నూలు రాజధాని అయిన కొత్తలో, కమలాపురంలో ఫిర్కా రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉన్న నన్ను డెప్యుటేషన్ మీద కర్నూలుకు వేశారు. శిస్తులూ అడంగళ్లూ చూసుకునే మనిషిని తీసుకొచ్చి ఇళ్ల కేటాయింపు కచేరీలో కూర్చోబెట్టారు. వినడానికి పని తేలికే. ఊళ్లో ఏ ఇల్లు ఖాళీ అయినా యజమాని వెంటనే మాకు తెలపాలి. మేం పోయి చూసి, కాపురానికి పనికొస్తుందని రాస్తే, పై అధికారి దాన్ని ఒక ప్రభుత్వోద్యోగికి కేటాయిస్తారు. అద్దె ఎంతన్నదీ కచేరీయే నిర్ణయిస్తుంది. ఇంటివాళ్లకు ఇష్టమున్నా లేకపోయినా అంతే.

ఏం రోజులవి! మైదానాల నిండా గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, గాలి లేస్తే ఎగిరిపోయే ఫైళ్లు. ఏ సందులోకి పోయినా కొత్త మొహాలు, కొత్త యాసలు. నాకప్పటికి ముప్పై నిండలేదు. పొద్దున సైకిలెక్కితే దిగబుద్ధయ్యేది కాదు. రాజధానిని నేనొక్కణ్ణే భుజాన మోస్తున్నంత హుషారు.

ఇంటి యజమానులతో మాత్రం రోజూ తగువే. ఒకాయన నట్టింట్లో బర్రెల్ని కట్టేసి, ఇది ఇల్లు కాదు కొట్టమని ప్రమాణం చేశాడు. ఇంకొకాయన ఖాళీ ఇంటి దండెం మీద భార్య చీరలు ఆరేసి, జనం ఉన్నారని చూపించేవాడు. నేను వెళ్లిన ప్రతిసారీ అవే చీరలు, అదే వరుసలో. నవ్వు ఆపుకోలేక చచ్చేవాణ్ణి. కానీ వాళ్ల బాధా బాధే. ఎవరొస్తారో ఎంచుకునే వీలు లేదు. అద్దె పెంచే వీలు లేదు. గోడ బీటవారినా, తలుపు బిగిసినా మరమ్మతు వాళ్లదే. చేయించకపోతే అర్జీ నేరుగా మా బల్ల మీదికొస్తుంది.

1954 జూన్‌లో, మొదటి వానలు పడ్డాక, అలాంటి అర్జీ ఒకటి నా చేతికొచ్చింది. పెట్టినవారు సచివాలయంలో గుమాస్తా, తెనాలి వైపు నుంచి వచ్చిన సుబ్బారావు గారు. ఇల్లు సుంకమ్మ అనే ఒక విధవరాలిది. ముందు భాగం ఆయనకు కేటాయించాం. ఆమె వెనక గదిలో ఉంటుంది. ఆ అద్దె మీదనే ఆమె పొయ్యి వెలగాలి. ఇల్లంతా కారుతోందనీ, తమను వెళ్లగొట్టి వేరేవాళ్లకు ఎక్కువకు ఇచ్చుకోవడానికే ఆమె కావాలని బాగు చేయించడం లేదనీ ఆయన ఫిర్యాదు. అలా చేసే యజమానులు నిజంగానే ఉండేవారు కాబట్టి కచేరీలో అందరూ నమ్మేశారు.

పైగా ఓవర్సీరు ఒకాయన ముందే పోయి చూసి, మిద్దె తడిసి బరువెక్కింది, కూలేటట్టుందని నోటు పెట్టేశాడు. మర్నాటి పొద్దున్నకల్లా నా రిపోర్టు కావాలని తాసిల్దారు గారు ఆదేశించారు. నేను కూడా పనికిరాదని రాశానంటే పురపాలక సంఘం మిద్దె దించేస్తుంది. సుబ్బారావు గారు పిల్లాపాపలతో మళ్లీ గుడారానికి పోవాలి. సుంకమ్మకైతే మళ్లీ మిద్దె వేయించుకునే తాహతు ఈ జన్మలో లేదు.

నేను పోయేసరికి ఇంట్లో నడవడానికి దారి లేదు. బిందెలు, గంగాళాలు, చివరికి ఉయ్యాల తొట్టి కూడా కారే చోట్ల పెట్టి ఉన్నాయి. పైనుంచి వెలుతురు రావడానికి మన మిద్దెలకు వదిలే గవాక్షి చుట్టూ గోడంతా చారలు కట్టింది. సుబ్బారావు గారు కోపంగా ఉన్నారు. నేను ముందు దూలాల కొసలు చూశాను. వేప దూలాలు. జేబులోని తాళంచెవితో గట్టిగా పొడిచి చూస్తే లోపల రాయిలా ఉన్నాయి. వాటి మీద అడ్డంగా పరిచిన దంతెల్లో ఒకటి మాత్రం నానింది. కొయ్య ఇంత బాగుంటే మిద్దె ఇట్లా కారడమేమిటి? వంటింటి పక్కనున్న మెట్లెక్కి పైకి పోయాను.

పోయినవాణ్ణి పోయినట్టే నిలబడిపోయాను. మిద్దె అద్దంలా ఉంది. ఆ పొద్దున ఊడ్చిన చీపురు గీతలు కూడా చెరగలేదు. గోడ వారన, వాన తగలని చోట, సగం చెరిగిన పద్మం ముగ్గు! మిద్దె మీద ముగ్గు పెట్టిన ఇల్లు నేను కడపలో చూడలేదు, కర్నూల్లో చూడలేదు.

మా సీమవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా మిద్దెలు మట్టివి. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టె, ఆకు, ఆపైన మన్ను. అన్నిటికీ పైన చౌడు పరుస్తారు. చౌడంటే ఉప్పు పొంగిన తెల్లటి మన్ను. తడవగానే మెత్తబడి సందులన్నీ పూడ్చేస్తుంది, నీటిచుక్క దిగనివ్వదు. ఏటా వానలకు ముందు మళ్లీ కాస్త కొత్త చౌడు వేసుకోవాలి. అది యజమాని బాధ్యత. పెంకుటిళ్లూ, సున్నం డాబాలూ ఉన్న డెల్టా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

సుబ్బారావు గారి భార్య అన్నపూర్ణమ్మ గారు నా వెనకే పైకొచ్చారు. నేను శుభ్రతను మెచ్చుకుంటున్నాననుకున్నారు పాపం. ఎండాకాలం పడుకోవడానికీ వడియాలు పెట్టుకోవడానికీ తానే బాగు చేశానని చెప్పారు.

"మేం వచ్చేసరికి బెత్తెడు మందాన దుమ్మండీ. ఎన్నేళ్లయిందో ఊడిచి. అంతా నేనే ఎత్తి సందులో పోయించాను."

"అమ్మా, మీరు ఊడ్చింది దుమ్ము కాదు, ఇంటి పైకప్పు" అన్నాను.

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. సుబ్బారావు గారు మాత్రం తగ్గలేదు. అది ఇంటావిడ చెప్పాల్సిన మాట కాదా, ఏడాదికొకసారైనా వచ్చి చూసుకోవద్దా అని నన్నే నిలదీశారు. అడిగినదాంట్లో న్యాయముంది. వెనక గదికి పోయి సుంకమ్మను అడిగాను.

ఆమె బయటికి వచ్చింది గానీ ముందు వాకిలి దగ్గరే ఆగిపోయింది. అద్దెకున్నవాళ్ల భాగంలోకి వాళ్ల అనుమతి లేకుండా యజమానులు అడుగు పెట్టకూడదని మా కచేరీ అందరికీ నోటీసులిచ్చింది. మెట్లేమో వాళ్ల వంటింటి పక్కన. ఎండాకాలంలో ఒకసారి వస్తే, ఊరికే లోపలికి తొంగి చూస్తోందని వాళ్లు విసుక్కున్నారట. దాంతో మళ్లీ రాలేదు.

"నా మిద్దె నేనెక్కేదానికి కాగితం అడ్డమొచ్చె గదప్పా. సందులో చౌడు కుప్ప చూసి, వీళ్లు శానా మంచోళ్లు, నేను అడక్కముందే చౌడు తెప్పిచ్చినారు అనుకొంటి. దాన్ని మిద్దె మీంచి దించినారని ఎవురన్నా అనుకుంటారా?"

చూశారా ఎంత పని జరిగిందో! ఒకావిడ చౌడును చెత్తనుకుంది, ఇంకొకామె దించిన చౌడును తెచ్చిన చౌడనుకుంది. ఇద్దరూ ఒకరినొకరు ఒక్క మాట అడక్కపోవడంతో సంగతి అర్జీదాకా వచ్చింది.

ఈలోగా తుంగభద్ర వైపు నుంచి మబ్బు నల్లగా లేచింది. ఇంకో వాన పడితే ఆ నానిన దంతె ఆగదు, ఓవర్సీరు నోటే నిజమవుతుంది. చౌడు హంద్రి ఏటి అవతల నుంచి బండ్ల మీద రావాలి. ఆ రోజుల్లో ఊళ్లో బండి దొరకడమంటే మాటలా! సందులో పోసిన కుప్పన్నా కొంత మిగిలిందేమోనని పరుగెత్తాను. ఒక్క తట్ట కూడా లేదు.

పక్కింటి దర్జీ ఖాసిం సాయిబు నా అవస్థ చూసి, నవ్వాలో వద్దో తెలియక గడ్డం సవరించుకున్నాడు.

"అది మా మిద్దె మీదుండాది సారూ. గలీలో పడుండె, బేకారైపోతాదని తలా ఇన్ని తట్టలు ఎత్తుకొంటిమి."

ఆ సందు సందంతా సుంకమ్మ చౌడే. చౌడు దొరికిందని నాకు పట్టరాని సంతోషం వేసింది. సంగతి చెప్పగానే సాయిబు కుట్టుమిషను వదిలేసి తట్ట పట్టుకున్నాడు. అతను కదిలాక మిగతా ఇళ్లవాళ్లు కూర్చుంటారా? తమకు ఎక్కువైంది కొందరు, తీసుకున్నదంతా కొందరు తెచ్చారు. సుబ్బారావు గారు చొక్కా విప్పి పంచె ఎగ్గట్టి మెట్ల మీద నిలబడి తట్టలు అందుకున్నారు. అర్జీదారుడూ విచారణాధికారీ ఒకే తట్టకు చెరో పక్క చెయ్యి వేయడం ఏ నిబంధనలోనూ లేదు.

పరిచేటప్పుడు మాత్రం మాలో ఎవరికీ చేతకావడం లేదు. నీళ్లు బయటికి పోయే దోనె వైపు జారేలా వాలు రావాలి. సుంకమ్మ ఇంకా వాకిలి దగ్గరే నిలబడి ఉంది. ఆమె వాళ్ల వైపు చూడలేదు, నా వైపు చూసింది, అనుమతి నేనివ్వాలన్నట్టు. నేను నోరు తెరిచేలోపే అన్నపూర్ణమ్మ గారు మెట్లు దిగి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"రండి పెద్దమ్మా. మీ ఇల్లు మీరే చూసుకోవాలి" అన్నారు.

సుంకమ్మ కొంగు బిగించి పైకెక్కింది. ఆ తర్వాత అందరం ఆమె చెప్పినట్టే చేశాం. ఈడ పల్చనాయె, ఆడ ఎత్తాయె అంటూ మమ్మల్ని ఉరుకులు పెట్టించింది. చివరి తట్ట పరిచి చెక్కతో అణుస్తుండగానే చినుకులు మొదలయ్యాయి.

కిందికొచ్చి అందరం దంతెల వైపు మెడలెత్తి నిలబడ్డాం. వాన దంచి కొట్టింది. గవాక్షి పక్కన చుక్కలు పడ్డాయి. అది మన్నులో మిగిలిన పాత తడి. చుక్కకూ చుక్కకూ ఎడం పెరుగుతూ పోయి, అసలే పడటం మానేసింది. బయట కుండపోత, లోపల ఉయ్యాల తొట్టిలో ఒక్క బొట్టు లేదు. సుబ్బారావు గారు గంగాళాలు ఒక్కొక్కటే ఎత్తి వంటింట్లో పెట్టడం మొదలుపెట్టారు. అర్జీ ఇప్పుడే వెనక్కి తీసుకుంటానన్నారు. నంబరు పడిన అర్జీ నోటిమాటతో పోదు, రాసివ్వాలన్నాను. రాసిచ్చారు.

మర్నాడు దూలాలు గట్టివని, వానలో నా కళ్లతో చూశానని, ఒక్క దంతె మారిస్తే చాలునని, ఇల్లు కాపురానికి పనికొస్తుందని రిపోర్టు పెట్టాను. తాసిల్దారు గారు సుంకమ్మ మిద్దె దించే మాట వదిలేశారు. ఇకమీదట ప్రతి కేటాయింపు ఉత్తర్వులో రెండు మాటలు చేర్చాలని కూడా రాశాను: మిద్దె మీది చౌడు తీయరాదు, వానలకు ముందు ఒకసారి యజమానిని మిద్దె ఎక్కనివ్వాలి. చట్టంలో చౌడు ప్రసక్తి ఎక్కడుందయ్యా అని ఆయన గొణిగారు గానీ సంతకం చేశారు.

1956లో రాజధాని హైదరాబాదుకు తరలింది. సుబ్బారావు గారు తాళంచెవి నాకిచ్చి రసీదు తీసుకున్నారు. అన్నపూర్ణమ్మ గారు మాత్రం సుంకమ్మను మిద్దె మీదికి తీసుకెళ్లి, ఆ ఏడు వేయించిన చౌడును చూపించి అప్పజెప్పి వచ్చారు. మరమ్మతు చేయించడంతో యజమాని బాధ్యత తీరదనీ, తనకు చిన్ననాటి నుంచీ తెలిసిన సంగతి అవతలివాళ్లకు తెలియదని తలచి, తాళం ఇచ్చిన రోజే చెప్పాలనీ, చెప్పడానికి వచ్చిన మనిషిని అద్దెకున్నవాళ్లు గడప దగ్గర ఆపకూడదనీ నాకు ఆ ఇంట్లో తెలిసింది. తర్వాత ఎక్కడ పనిచేసినా, ఇల్లు చూడమంటే నేను ముందు మిద్దె ఎక్కేవాణ్ణి, ఇంటివాళ్లనూ అద్దెకుండేవాళ్లనూ వెంటబెట్టుకుని.