గిన్నె అడుగున మిగిలింది

దుర్గి పక్కనున్న మా పేటలో మంచి మాటలకు ఏనాడూ కరువు లేదు. కరువల్లా సిగ్గుకే. అది తెలిసి కూడా మా కరుణమ్మత్త, మిషను ఆసుపత్రిలో నర్సమ్మగా చేసి వచ్చిన మనిషి, ఈ జనాన్ని చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టి పెద్దరోగం గురించి మాట్లాడించాలనుకుంది. అరవై రెండో సంవత్సరం సంగతి ఇది.

కారణం మార్తమ్మ. కుష్ఠు ఆసుపత్రిలో మందు మింగి, నయమై, వంకర తిరిగిన వేళ్లతో ఇంటికి వచ్చింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పి మరీ పంపాడు. అయినా పత్తి తీసే ముఠాలో ఆమెను కలుపుకునే ఆడది లేదు. కూలి లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. "ముందు బల్లలో కలవనీ, ఆనక చూద్దాం" అన్నారు. బల్లంటే ప్రభు భోజనం. ప్రార్థన గుడిలో అందరూ ఒకే గిన్నెకు నోరు ఆనించి ద్రాక్షరసం తాగాలి. మంచినీళ్ల చెంబు కూడా ఎత్తిపోసుకునే మా జనానికి పెదవి తగిలేది ఆ ఒక్క గిన్నెకే.

అత్త కూటాలు పెట్టింది. ఉపదేశాలు చెయ్యదు. "నీకు భయమేంది? దాచుకోకుండా చెప్పు" అని ఒక్కొక్కరినీ అడిగి వింటుంది. ఆడవాళ్లు నిజమే చెప్పారు, పిల్లలకు అంటుకుంటుందేమోనని. వాళ్లకు ఓపిగ్గా జవాబిచ్చింది. ఇక మా సంఘపెద్ద దేవానందం! "ప్రభువే కుష్ఠురోగిని ముట్టుకున్నాడు, మనమెంత? ఛీ, మన బతుకు!" అని గొల్లుమన్నాడు. ఏడ్చే మగాణ్ణి నమ్మరాదని ఊరికే అన్నారా? అత్త నమ్మింది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే.

ఆదివారం మార్తమ్మ ఉతికిన కోక కట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది. దేవానందం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఆఖర్న రామ్మా. అందరూ తాగినాక."

కూటంలో తలలూపిన వాళ్లంతా నేలచూపులు చూశారు. థూ! మార్తమ్మ ఏడుపు దిగమింగుకుని వెనక నిలబడింది. అందరి తరువాతే తాగింది.

ఆ మహామేధావి ఒక్కటి మరిచాడు. మా గుడిలో మిగిలిన రసం పారబొయ్యకూడదు. సంఘపెద్దే తాగి గిన్నె ఖాళీ చెయ్యాలి. ఆ గుక్కను ఆయన ఏ నెలా వదిలిన పాపాన పోలేదు. పాస్టరుగారు అలవాటుగా గిన్నె ఆయన చేతికిచ్చారు.

దేవానందం గిన్నెలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"తాగన్నా, నీ వంతేగా" అంది కరుణమ్మత్త.

"కడుపులో బాలేదమ్మా" అని నసిగాడు. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

మార్తమ్మే ముందుకొచ్చి గిన్నె లాక్కుంది. "ఇటియ్యన్నా. ఇందులో ఉంది మీ అందరి ఎంగిలి. నాకేం రోత లేదు" అని అడుగుదాకా తాగేసింది.

మర్నాడు ముఠా నడిపే నిర్మలక్క ఆమె వాకిట్లో నిలబడింది. "రావే మార్తా, పొద్దెక్కుతోంది."

అత్త మాత్రం ఆ తరువాత గురజాల వైపు ఎక్కడ కూటం పెట్టినా పద్ధతి మార్చేసింది. ముందు నీళ్ల గ్లాసు నయమైన మనిషి చేతికిస్తుంది. వాళ్లు తాగి పక్కవాళ్లకు అందించాలి. భయమున్నవాళ్లు తాగకుండానే తమ భయం చెప్పుకోవచ్చు. నీతులు చెప్పేవాళ్లు మాత్రం తాగాల్సిందే. మా పేటలో మళ్లీ కూటం జరిగినప్పుడు దేవానందం గొంతు సవరించుకుని లేచాడు. కళ్లు అప్పుడే తడిశాయి. మార్తమ్మ తాగిన గ్లాసును అత్త ఆయన ముందుకు జరిపింది.

"ముందు తాగన్నా. ఏడవడం ఆనక."

ఆయన కూర్చున్నాడు.