పరంధామయ్య గారి ఎర్ర వెంటో

పద్నాలుగేళ్లుగా రోజీ పని ఇతరుల కాళ్లను కనిపెట్టి ఉండటం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర విజయభాస్కర్ నడిపే డ్రైవింగ్ స్కూల్లో ఆమె టీచరు. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ ముందు, ఆమె ఎడమ సీట్లో. ఆమె కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను పక్కవాళ్ల కాళ్ల మీద. జనగామ దగ్గరి పల్లె నుంచి పెళ్లై వచ్చిన కొన్నేళ్లకు ఆ ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి చేరింది. నేర్పడానికి ఆడమనిషి ఉందా అని అడిగేవాళ్లు ఎక్కువవడంతో విజయభాస్కర్ ఆమెకే బండి నేర్పి లైసెన్సు ఇప్పించాడు. స్కూలు బండి మూడో గేరు దాటడం అరుదు. నాచారం, రామంతాపూర్ గల్లీల్లో అంతకు మించి అవసరమూ రాదు.

మూడేళ్ల కిందట పోచారంలో ఐటీ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి, తన సొంత కారు మీదే నేర్పమని ఆమెను పిలిచింది. అది వెంటో. నేలకు దగ్గరగా, పొట్టిగా కనిపించే టర్బో పెట్రోల్ సెడాన్. చివరి రోజున ఆ అమ్మాయికి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. బండి మీరే మా ఇంటికి చేర్చండక్కా అని చెప్పి దిగిపోయింది. వరంగల్ హైవే మీద రోజీ దాన్ని పదకొండు నిమిషాలు నడిపింది. కాలు కొంచెం నొక్కగానే సీటు వీపును ముందుకు తోసింది. మలుపులో బండి పక్కకు వాలలేదు. ఇంటికి వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ నెల నుంచే ఒక చిట్టీ కట్టడం మొదలుపెట్టింది.

ఈ ఏడాది చిట్టీ చేతికొచ్చింది. ఆమె భర్త ఏలియా నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఎలక్ట్రీషియన్. అతనికి ఎత్తుగా ఉండే ఏడు సీట్ల బండి కావాలి. ఆదివారం చర్చికి నలుగురిని ఎక్కించుకోవచ్చు, ఊరి నుంచి బియ్యం తెచ్చుకోవచ్చు. రోజీ ఫోనులో వెంటో ఫోటో చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది కారా, సబ్బు డబ్బానా? మన గల్లీ స్పీడ్ బ్రేకర్ మీద కూసుంటది. తియ్యనీకి క్రేన్ పిలువాలె."

అయినా పూర్తిగా కాదనలేదు. నెలాఖరులోగా ఆమెకు నచ్చిన వెంటో దొరికితే అదే, దొరక్కపోతే ఏడు సీట్లది. ఇద్దరూ ఆ మాట మీద నిలబడ్డారు. రోజీకి నలభై మూడేళ్లు. ఇప్పుడు తప్పితే మళ్లీ కారు కొనే వంతు ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియదు.

వాడిన బండిని చూసే పద్ధతి ఆమెది వేరు. బానెట్ ఎత్తడం, అడుగున దూరడం మెకానిక్‌కు వదిలేసేది. తను మాత్రం యజమానినే నడపమని చెప్పి, ఎడమ సీట్లో కూర్చుని అతని కాళ్లు చూసేది. ఇన్నేళ్లు ఆ కాళ్ల కింద ఉన్న బండి లోపల ఎలా ఉంటుందో ఆ కాళ్లే చెబుతాయని ఆమె లెక్క. పీర్జాదిగూడలో ఒకతను ఉప్పల్ దాకా క్లచ్ మీద నుంచి పాదం తీయనే లేదు. దిగి, థాంక్స్ చెప్పి వచ్చేసింది. నాగారంలో పాత కార్లు అమ్మే ఒక షెడ్డులో బండి మెరిసిపోతోంది గాని యజమాని లేడు. ఆయన్ని ఒక్కసారి పిలిపించి నడిపించండి అంటే అక్కడివాళ్లు నవ్వారు.

"మేడం, మీరు బండి కొంటున్నరా, డ్రైవర్‌ను పెట్టుకుంటున్నరా?" అన్నాడొకడు.

నెలాఖరు ఆరు రోజులుందనగా విజయభాస్కర్ ఒక కబురు చెప్పాడు. నాచారంలో పరంధామయ్య అనే రిటైర్డ్ ఇంజనీరు దగ్గర 2020 మోడల్ ఎర్ర వెంటో ఉంది. ఆర్నెల్లుగా అమ్ముతానంటూనే వచ్చినవాళ్లందరినీ తిప్పి పంపుతున్నాడు. ఒకతను టైరును కాలితో తన్ని చూశాడని వద్దన్నాడట. ఇంకొకతను పొగ తాగుతాడని వద్దన్నాడట. పోయి రా, వద్దనడానికి నీలో ఏం దొరుకుతుందో చూద్దాం అన్నాడు విజయభాస్కర్.

ఆ ఆదివారం చర్చికి పోయేముందు, పొద్దున్నే వెళ్లింది. పరంధామయ్యది గుంటూరు వైపు. అరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఆయన భార్య సుబ్బులు కాఫీ ఇచ్చింది. ఆయన ఫైలు తెచ్చి సర్వీసు కాగితాలు తేదీల వారీగా చూపించాడు. దీన్ని అమ్మేసి, క్లచ్ లేని చిన్న ఆటోమేటిక్ బండి కొనుక్కుంటానని, అది కూడా చూసి పెట్టుకున్నానని చెప్పాడు. రోజీ అన్నీ విని, మీరే నడపండి సార్, నేను పక్కన కూసుంట అంది. ఆ మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆయన లోపలికెళ్లి బూట్లు వేసుకొచ్చాడు.

అలాంటి కాళ్లు ఆమె చూడలేదు. గేరు పడగానే ఎడమ పాదం క్లచ్ వదిలి పక్కకు వెళ్లిపోయేది. బ్రేకు మీద కాలు పడినట్టే తెలియదు, బండి ఆగేది. ప్రతి మలుపు దగ్గరా ఆయన మెడ బాగా తిప్పి చూస్తున్నాడు. అది జాగ్రత్త అనుకుంది రోజీ. మూడో వీధికి వచ్చేసరికి ఈ బండి తనకు కావాలని తేల్చుకుంది.

నాలుగో వీధిలో ఎడమ సందులోంచి ఇడ్లీ బండి ఒకటి ముందు చక్రం బయటపెట్టింది. తోస్తున్న మనిషి తల వంచుకుని తోస్తోంది. పరంధామయ్య వేగం తగ్గించలేదు. రోజీ కుడి కాలు బలంగా కిందికి తొక్కింది. కాలి కింద ఉత్త మ్యాట్. ఇది స్కూలు బండి కాదని ఆమెకు తట్టేలోపు ఇడ్లీ బండి ఇంకో రెండడుగులు ముందుకొచ్చింది. "బ్రేక్ సార్" అంటూ రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగింది. వెనక చక్రాలు కీచుమన్నాయి. కారు జారి, ఇడ్లీ బండికి జానెడు దూరంలో ఆగింది. చట్నీ గిన్నె మూత కిందపడి రోడ్డుకు అడ్డంగా దొర్లింది.

ఇడ్లీ బండామె కొంగు బిగించి కారు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏం సారూ, కండ్లు ఇంట్ల వెట్టి వచ్చినవా? నిన్న నా తాన్నే ఇడ్లీలు కట్టించుకపోతివి, ఇయ్యాల నన్నే గుద్దవడితివి?"

ఆమె ఎడమ వైపు నిలబడి ఉంది. ఆమెను చూడటానికి పరంధామయ్య మొహమంతా అటు తిప్పాడు. అప్పుడు అర్థమైంది రోజీకి. ఆయన మెడ తిప్పుతున్నది జాగ్రత్త కోసం కాదు.

క్షమించమ్మా అని ఆయన చెప్పాడు. రోజీ దిగి మూత తీసి ఇచ్చింది. మెల్లగా ఇంటికి వచ్చారు. గేటు ముందు ఇంజను ఆపేశాక కూడా ఆయన దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"మీరు టీచరు గదా. నేను మీ దగ్గర నేర్చుకునేవాణ్ణనుకోండి. నన్ను టెస్టుకు పంపిస్తారా?"

ఏం చెబితే బండి తనకు వస్తుందో రోజీకి తెలుసు. ఇడ్లీ బండామే సందులోంచి చూసుకోకుండా వచ్చింది సార్, మీ తప్పేం లేదు అంటే చాలు. ఆయన ఫైలు చేతికిస్తాడు. వచ్చే వారం ఆటోమేటిక్ బండి కొనుక్కుని ఇదే వీధిలో నడుపుతాడు.

"పంపియ్య సార్. మీకు ఎడమ పక్క కనవడ్తలేదు. ఇదొక్కటే కాదు, ఏ బండీ నడపకుండ్రి. ముందుగాల కండ్ల డాక్టర్‌కు సూపెట్టుకోండ్రి."

ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నాడు. సరే, మీరు వెళ్లిరండి అన్నాడు.

బస్టాపుకు నడుస్తుంటే ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. ఆయన కాళ్లు ఎంత బాగున్నాయో చెప్పనే లేదు. ఎంత రాని మనిషికైనా ముందు బాగున్నది చెప్పి, తర్వాతే తప్పు చెబుతుంది తను. ఇవాళ అది తప్పింది.

బండి పోయినట్టే అని ఇంట్లో చెప్పింది. జరిగిందంతా ఏలియా విన్నాడు. ఆటపట్టిస్తాడేమో అనుకుంది.

"ఇడ్లీ బండామెకు తాకలే గద?"

"తాకలే."

"మరింకేంది. కూసో, అన్నం తిందాం."

మర్నాడు ఏడు సీట్ల బండి ఫోటోలు మూడు పంపాడు. రోజీ బాగుందని జవాబిచ్చి, క్లాసుకు వెళ్లిపోయింది.

నెలాఖరు ఇంకొక్క రోజు ఉందనగా సుబ్బులు ఫోను చేసింది. పరంధామయ్య కంటి ఆసుపత్రికి వెళ్లాడు. రెండు కళ్లలోనూ ఒత్తిడి పెరిగి, ఎడమ వైపు చూపు చాలావరకు పోయిందన్నారు. పోయింది తిరిగి రాదు. మందు చుక్కలు మానకుండా వేస్తే ఉన్నది నిలుస్తుందన్నారు. ఇంకో ఏడాది ఆలస్యమైతే అదీ ఉండేది కాదన్నారట.

"గుమ్మాలకు భుజం కొట్టుకుంటుంటే వయసనుకున్నానమ్మా నేను" అంది సుబ్బులు. "వచ్చి బండి తీసుకెళ్లమంటున్నారు. ఇంకెవరికీ ఇవ్వరట."

మెకానిక్ అడుగున దూరి చూసి, వంక పెట్టడానికి ఏమీ లేక టీ అడిగి తాగాడు. పరంధామయ్య చెప్పిన ధరలో ఒక్క రూపాయి తగ్గించలేదు, రోజీ అడగలేదు. తాళం చేతికిచ్చేటప్పుడు ఆమె, ఆ రోజు చెప్పలేకపోయిన మాట చెప్పింది. పద్నాలుగేళ్లల్ల ఇంత మంచి కాళ్లు చూడలేదు సార్ అంది. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. సుబ్బులు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పాస్టర్ గారు చూస్తే ఏమంటారోనని రోజీకి ఒక్క క్షణం అనిపించింది. సుబ్బులు వంగి ఒక్కొక్కటీ సరిగ్గా అమర్చిన తీరు చూశాక, మెల్లగా వాటి మీదుగానే నడిపింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు బానెట్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే తీసేసి, అద్దం మీద పెట్టి ప్రార్థన చేశాడు. రోజీ కృతజ్ఞత కానుక కవరుతో పాటు ఒక చీటీ ఇచ్చింది. అందులో ప్రార్థనలో చెప్పాల్సిన పేర్లు రెండు. పరంధామయ్య, మల్లవ్వ. రెండోది ఇడ్లీ బండామె పేరు. ముందు రోజే వెళ్లి రెండు ప్లేట్లు తిని కనుక్కుంది.

బండి చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. పెట్రోలు ఏలియా అనుకున్నదానికన్నా ఎక్కువే తాగుతుంది. గల్లీ చివరి స్పీడ్ బ్రేకర్‌కు బండి అడుగు తగలకుండా ఏలియా ఒక ఉపాయం కనిపెట్టాడు. అక్కడ దిగి, నడిచి దాటి, అవతల మళ్లీ ఎక్కుతాడు. ఎవరైనా నవ్వితే, నేను దిగినాకనే లేస్తది, మస్తు మర్యాద తెలిసిన బండి అంటాడు. నెలకొకసారి ఇద్దరూ తెల్లవారుజామున ఘట్‌కేసర్ దాటి వెళ్తారు. రోజీ ఆరో గేరు వేస్తుంది. ఆ దారంతా ఏలియా పెద్దగా మాట్లాడడు. ఒకసారి మాత్రం, ఏడు సీట్లదాంట్ల గిట్ల ఉండకపోయేది అన్నాడు.

కంటి పరీక్షలకు పరంధామయ్యను రోజీయే తీసుకెళ్తుంది. మొదటిసారి ఆయన ఆటోలో వెళ్తానని పట్టుబట్టాడు. నా క్లాసులు పదింటికి గాని మొదలుగావు, ఎక్కండ్రి సార్ అని ఆమె తలుపు తీసి నిలబడింది. అప్పటినుంచి పెట్రోలు ఆయన పోయిస్తాడు. మీరు హారన్ మరీ ఎక్కువ కొడుతున్నారు అని ఒకసారి చెప్పాడు. ఆమె తగ్గించుకుంది.

పోయిన వారం మూడో పరీక్ష. రోజీ ఆసుపత్రి బయట బండిలోనే కూర్చుంది. గంటన్నర తర్వాత ఆయన మెట్లు దిగి, తలుపు అంచు చేత్తో తడుముకుని ఎక్కాడు. రిపోర్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"చూపు ఎక్కడున్నది అక్కడే ఉందట. ఏమీ తగ్గలేదు."

"స్తోత్రం సార్" అంది రోజీ.

ఆయన ఇంట్లో ఎవరూ ఆ మాట వాడరు. కాసేపు రిపోర్టు వైపు చూశాడు.

"స్తోత్రమేనమ్మా" అన్నాడు.

సుబ్బులుకు ఫోను చేసి అదే కబురు రెండుసార్లు చెప్పాడు. ఆయన బెల్టు పెట్టుకునేదాకా ఆగి, రోజీ బండి కదిలించింది.